స్కర్టింగ్ ఊడేది గమ్ము బలం చాలక కాదు

స్కర్టింగ్ అంటే గోడ వారన, నేలను ఆనుకుని ఉండే నాలుగంగుళాల పట్టీ. గృహప్రవేశానికి వచ్చినవాళ్లెవరూ దాని వైపు చూడరు. ఏడాది తిరిగాక ఒకరోజు తడిగుడ్డ పెడుతుంటే కర్ర తగిలి ఒక ముక్క టప్పున ముందుకు పడుతుంది. ఇక ఇంట్లో దాని గురించే మాట. హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి అడిగేది ఒక్కటే: "అన్నిటికంటే స్ట్రాంగ్ గమ్ము ఏదుంది?" షాపాయన ఉన్నవాటిలో ఖరీదైనది తీసి ఇస్తాడు. అది పూసి అతికిస్తారు. ఆర్నెల్లకు అదే ముక్క మళ్లీ చేతికొస్తుంది. ఈసారి తిట్లు గమ్ముకు.

ముందు బరువు లెక్క చూద్దాం. రెండడుగుల విట్రిఫైడ్ టైలు నుంచి కోసిన నాలుగంగుళాల ముక్క, మందం 9 మి.మీ. అనుకుంటే, కిలోంబావుకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. దాని వీపు 600 చదరపు సెంటీమీటర్లు. టైల్ అడ్హెసివ్‌లలో, అంటే టైళ్లు అతికించే గమ్ముల్లో, మామూలు రకానికి యూరప్ ప్రమాణం ఈఎన్ 12004 పెట్టిన కనీస హద్దు చదరపు మిల్లీమీటరుకు 0.5 న్యూటన్లు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 5 కిలోల లాగుడుకు ఆగాలి. ఆ లెక్కన వీపంతా సరిగ్గా అంటిన ముక్కను పీకాలంటే 3,000 కిలోల బలం కావాలి. మోయాల్సిందేమో కిలోంబావు! అదీ పూర్తిగా మోయనక్కర్లేదు, ముక్క నేల మీదే నిలబడి ఉంటుంది కాబట్టి. ఇంతకు రెట్టింపు బలమున్న గమ్ము తెచ్చినా ఒరిగేదేమీ లేదు.

మరి ఎందుకు ఊడుతోంది? గోడకూ ముక్కకూ మధ్య ఉన్నది గమ్ము ఒక్కటే కాదు. ఇటుక మీద ప్లాస్టరింగ్, దాని మీద లప్పం, లప్పం మీద ప్రైమర్, ఆపైన రంగు, అప్పుడు గమ్ము, ఆ తర్వాత టైలు వెనకున్న పొడి, చివరికి టైలు. ఇన్ని పొరల్లో ఏది ముందు వదిలేస్తే అక్కడ ఊడుతుంది. పాత గోడల మీద అతికించినప్పుడు ఎక్కువగా వదిలేసేది లప్పమో రంగో. గమ్ము రంగును గట్టిగానే పట్టుకుంటుంది. రంగే గోడను పట్టుకుని ఉండదు.

అందుకే ఊడిన ముక్కను పక్కన పడేయకుండా వెనక్కి తిప్పి చూడాలి. కొత్త గమ్ము కొనే ముందు చేయాల్సిన పని ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. వెనక తెల్లటి పొర అట్టలా అంటుకుని వచ్చి, వేలితో రాస్తే సుద్దలా రాలిందంటే పోయింది లప్పం. రంగు వచ్చిందంటే కింద ఏ డిస్టెంపరో ఉండి ఉంటుంది. రంగుకు బదులు ప్లాస్టరింగ్ ఇసుకే ఊడి వచ్చి, చేత్తో నలిపితే పొడైపోతే గోడకు చెమ్మెక్కి ఉప్పు పట్టినట్టు. అలా కాకుండా ముక్క వీపు కడిగిన పళ్లెంలా శుభ్రంగా ఉండి, సిమెంటు ముద్దలన్నీ గోడకే మిగిలిపోతే తప్పు టైలు వైపుది. గమ్ము రెండు వైపులా చీలి, దాని పైభాగం నున్నగా మెరుస్తుంటే, గమ్ము పూశాక ఫోనొచ్చిందో, కొలత తప్పి ముక్కను మళ్లీ కోయాల్సి వచ్చిందో, అతికించే లోపే మీగడ కట్టేసింది. ఇవన్నీ వేర్వేరు జబ్బులు, ఒకే మందు పనిచేయదు.

టైలు వీపు శుభ్రంగా వచ్చే కేసు మన దగ్గర చాలా ఎక్కువ, కాబట్టి దాని సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన రోజుల్లో స్కర్టింగ్ కూడా ఆ రాయిదే ఉండేది. వెనకాల సిమెంటు పాలు పూసి గోడకు నొక్కితే ముప్పై ఏళ్లు కదిలేది కాదు. రాయి వీపు గరుకుగా ఉండేది, కాస్త నీళ్లు పీల్చేది. సిమెంటు పాలు ఆ సందుల్లోకి దిగి అక్కడే గట్టిపడేవి. మేస్త్రీల చేతికి ఆ పద్ధతి అలవాటైపోయింది. తర్వాత విట్రిఫైడ్ టైళ్లు వచ్చాయి. వీటి నీళ్లు పీల్చే గుణం బరువులో 0.5 శాతం లోపే. ఆ తక్కువ పీల్చడం వల్లే మచ్చలు పడవు, అది చూసే కొంటాం. కానీ మచ్చ దిగని చోట సిమెంటు పాలు మాత్రం ఎలా దిగుతాయి? ఆరాక అవి టైలు వెనక అచ్చు పోసినట్టు నిలబడతాయి తప్ప పట్టుకోవు. పైగా కొలిమిలో రోలర్లకు అంటుకోకుండా టైళ్ల వెనక తెల్లటి పొడి పూస్తారు. అది తడిగుడ్డతో తుడవకపోతే ఎంత ఖరీదైన అడ్హెసివ్ అయినా పట్టుకునేది ఆ పొడినే.

దీనికి తోడు ముద్దల పద్ధతి ఒకటుంది. నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు, నడుమ ఒకటి పెట్టి గోడకు ఆనించి రసమట్టం చూసుకోవడం. పని త్వరగా అవుతుంది, గోడ వంకర సర్దుకుంటుంది, అందుకే మేస్త్రీలకు ఇష్టం. కానీ వీపులో సగానికి పైగా డొల్లే. రూపాయి బిళ్లతో ముక్క మీద తట్టుకుంటూ వెళ్తే ఎక్కడ నిండుగా ఉందో, ఎక్కడ బోలుగా ఉందో చెవికే తెలిసిపోతుంది. ఆ డొల్లలోకి కడిగిన నీళ్లు దిగుతాయి, తర్వాత చీమలు కాపురం పెడతాయి. స్కర్టింగ్ పై అంచు నుంచి సన్నటి మట్టి రాలుతోందని చీమల మందు కొట్టే ఇళ్లలో అసలు సమస్య ఈ డొల్లే.

కాబట్టి విట్రిఫైడ్ టైలు ముక్కకు కావాల్సింది పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్. మన దేశ ప్రమాణం ఐఎస్ 15477. 2019లో సవరించిన ఈ ప్రమాణంలో టైప్ 1 నుంచి టైప్ 5 దాకా రకాలున్నాయి, బస్తా మీద ఆ నంబరు ఉంటుంది. సిమెంటు ప్లాస్టరింగ్ మీద నేరుగా అతికించే ఇంటిలోపలి స్కర్టింగ్‌కు పెద్ద నంబర్ల వెంట పడక్కర్లేదు. గది నేలకు వాడిన విట్రిఫైడ్ టైళ్ల అడ్హెసివ్ మిగిలితే అదే చాలు. దాన్ని పళ్ల తాపీతో వీపంతా పూసి, గోడకు నొక్కి కాస్త అటూ ఇటూ జరపాలి. మన ఎండల సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. పూశాక అతికించడానికి ఉండే 20 నిమిషాల గడువు లాంటివన్నీ 23 డిగ్రీల గదిలో చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో, కిటికీలకు ఇంకా తలుపులు పెట్టని ఇంట్లో వడగాలి కొడుతుంటే ఆ గడువు సగం కూడా ఉండదు. పది ముక్కలకు ఒకేసారి పూసి పెట్టుకుంటే ఆఖరి మూడూ మీగడ కట్టినవే అతుకుతాయి.

ఇక గోడ సంగతి. పని వరస సరిగ్గా ఉంటే సగం గొడవ తప్పుతుంది. ప్లాస్టరింగ్ అయ్యాక, లప్పం పెట్టకముందే స్కర్టింగ్ పడాలి. ప్లాస్టరింగ్ చేసేటప్పుడే కింద అయిదంగుళాలు గరుకుగా వదిలేయమంటే ఇంకా మంచిది. ముక్క గోడలోకి కాస్త దిగి, పైన దుమ్ము పేరుకునే అంచు కూడా ఉండదు. కానీ పెయింటర్‌కు తొందర, టైల్స్ మేస్త్రి ఇంకో సైటులో ఉంటాడు, ముందు రెండు కోట్ల లప్పం పడిపోతుంది. పడిపోయాక ఒకటే మార్గం: స్కర్టింగ్ వచ్చే మేర గీత కొట్టి, లప్పం ప్లాస్టరింగ్ దాకా గీకేసి, ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి, దుమ్ము దులిపి, తడిపి అతికించడం. ఈ పనికి గదికి ఒక పూట పడుతుంది. అందుకే దీన్ని తప్పించుకునే గమ్ము కోసం జనం వెతుకుతారు. ట్యూబు మీద ఏం రాసి ఉన్నా, లప్పాన్ని దాటి ప్లాస్టరింగ్‌ను పట్టుకునే గమ్ము లేదు.

రంగు వేసిన గోడను నమ్మొచ్చా లేదా అని తేల్చుకోవడానికి ప్యాకింగ్ టేపు చాలు. గోడకు గట్టిగా రుద్ది అంటించి ఒక్క గుంజు గుంజాలి. టేపుకు రంగు ముక్కలో, పిండి లాంటి పొడో వస్తే గీకాల్సిందే. ఏమీ రాకపోతే తేలికపాటి పీవీసీ పట్టీ వరకు ఆ రంగు మీదే అతికించొచ్చు. గ్రానైట్ ముక్కకు మాత్రం వద్దు. 18 మి.మీ. గ్రానైట్, నాలుగంగుళాల ఎత్తుది, మీటరుకు దాదాపు 5 కిలోలు ఉంటుంది. ఊడితే కాలి వేళ్ల మీదే పడుతుంది.

కొత్త అపార్టుమెంట్లలో ఇంకో చిక్కు వచ్చింది. లోపలి గోడలకు సిమెంటు బదులు జిప్సం ప్లాస్టరింగ్ చేస్తున్నారు. నున్నగా ఉంటుంది, నీళ్ల క్యూరింగ్ అక్కర్లేదు, లప్పం ఖర్చు తగ్గుతుంది. దాని మీద సిమెంటు అడ్హెసివ్ నేరుగా పూస్తే, చెమ్మ తగిలినప్పుడు జిప్సంలోని సల్ఫేటు సిమెంటుతో కలిసి ఉబ్బే స్ఫటికాలు తయారవుతాయి. రెండు పొరల మధ్య అవి పెరుగుతూ టైలును ముందుకు నెడతాయి. పైకి చూస్తే ముక్క తనంతట తానే ఊడినట్టు ఉంటుంది. మధ్యలో ప్రైమర్ కోటు పడితే ఈ బాధ లేదు, లేదా కింది పట్టీ వరకు సిమెంటు ప్లాస్టరింగే చేయించుకోవాలి.

టైలు కాకుండా పీవీసీ, ఎండీఎఫ్ (చెక్క పొట్టును నొక్కి చేసిన పలక), పాలిస్టైరీన్ (థర్మకోల్ జాతి ప్లాస్టిక్) పట్టీలు పెట్టేవాళ్లు పెరిగారు. వుడెన్ ఫ్లోరింగ్ వేసిన బెడ్‌రూముల్లో ఇవే కనిపిస్తాయి. ట్యూబులో వచ్చే గమ్ముల గొడవంతా అసలు వీటితోనే. ఇక్కడ చూసుకోవాల్సింది, ఆ గమ్ము ఎలా గట్టిపడుతుంది అన్నది.

ఇంట్లో అందరికీ తెలిసిన ఫెవికాల్ లాంటి తెల్ల గమ్ము, నీళ్లు బయటికి పోతేనే గట్టిపడుతుంది. చెక్క, అట్ట, సిమెంటు ఆ నీళ్లను పీల్చుకుంటాయి. ఆయిల్ పెయింట్ గోడకూ పీవీసీ పట్టీకీ మధ్య పూస్తే నీళ్లు పోయే దారేది? పదిహేను రోజులయ్యాక తీసి చూసినా లోపల పాలలాగే ఉంటుంది. నీళ్ల ఆధారంగా చేసిన అక్రిలిక్ ట్యూబులదీ ఇదే కథ. ఎండీఎఫ్ పట్టీ, సిమెంటు గోడ అయితే అవి బాగా పనిచేస్తాయి, ధర కూడా తక్కువ. కాకపోతే చెమ్మ తగిలే చోట పనికిరావు.

సిలికాన్‌ది దీనికి తిరగేసిన కథ. అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది, బయటి నుంచి లోపలికి, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. వెనకంతా వెన్నలా పరిచేస్తే అంచులు మాత్రం ఆరి నడుమ పచ్చిగా ఉండిపోతుంది. గీతలు గీతలుగా, మధ్యలో గాలి ఆడేలా పెట్టాలి. అయితే అన్ని సిలికాన్లూ ఒకటి కాదు. చౌకగా దొరికే రకం ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. అది ఎసిటిక్ ఆమ్లం. నాపరాయి నేల మీద నిమ్మరసం పడితే ఏం మచ్చ పడుతుందో చూసినవాళ్లకు తర్వాతి సంగతి చెప్పక్కర్లేదు. సున్నపురాయి, మార్బుల్, సిమెంటు ప్లాస్టరింగ్‌లతో ఆ ఆమ్లం కలిసి, అతుకు ఉండాల్సిన చోటే ఒక బలహీనమైన పొర చేస్తుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని ఉన్నది తీసుకుంటే ఈ సమస్య రాదు. ఇంకొకటి, సిలికాన్ మీద రంగు నిలవదు. పై అంచున సందు పూడ్చడానికి సిలికాన్ గీసి, ఆపైన పెయింటర్‌ను పిలిస్తే అతను చేయగలిగింది ఏమీ ఉండదు.

ఎమ్మెస్ పాలిమర్ లేదా హైబ్రిడ్ అని రాసి ఉండే గమ్ములు 1970ల చివర్లో జపాన్‌కు చెందిన కనేకా సంస్థ పనితో మొదలయ్యాయి. ఇవీ తేమతోనే గట్టిపడతాయి, ఆమ్లం వదలవు, రంగు పడుతుంది, ఆరాక రబ్బరులా కాస్త సాగుతాయి. పీవీసీ స్కర్టింగ్‌కు ఒకటే చెప్పమంటే చెప్పేది ఇదే. ధర ఎక్కువ, అందులో దాపరికం లేదు. పాలియురెథేన్ కూడా బలమైనదే కానీ చేతికి అంటితే వారం పోదు, నురుగు రకమైతే ఉబ్బి పట్టీని ముందుకు తోసేస్తుంది.

పాలిస్టైరీన్ పట్టీ విషయంలో మాత్రం బలం సంగతి తర్వాత, ముందు గమ్ములో కలిపిన సాల్వెంటు, అంటే కరిగించే ద్రవం, ఏదో చూసుకోవాలి. ఘాటు వాసన వచ్చే రబ్బరు సొల్యూషన్, చెప్పులు కుట్టేవాళ్లు వాడేలాంటిది, ఆ పట్టీని మంచుగడ్డలా కరిగించేస్తుంది. వెనక గుంటలు పడి, ముందువైపు కూడా లొత్తలు కనిపిస్తాయి. ఇక అరాల్డైట్, ఫెవిక్విక్. మొదటిది నిజంగా బలమైన ఎపాక్సీ, విరిగిన గ్రానైట్ మూల అతికించడానికి దానికి మించింది లేదు. గదంతా దానితో పట్టీ వేయడమంటే ఖర్చు దండగ, పైగా అది సాగదు. రెండోది సన్నటి, నున్నటి అతుకుల కోసం. గరుకు గోడ తాగేస్తుంది, మిగిలింది పెళుసుగా విరుగుతుంది.

సాగడం గురించి పదే పదే చెప్పడానికి కారణం ఉంది. పీవీసీ వేడికి బాగా సాగుతుంది. ఎనిమిదడుగుల పట్టీ, జనవరి ఉదయానికీ మే మధ్యాహ్నానికీ గదిలో 20 డిగ్రీల తేడా వస్తే, మూడు మిల్లీమీటర్ల దాకా పొడవు మారుతుంది. దాని వెనకున్న సిమెంటు గోడ అందులో ఆరో వంతో ఏడో వంతో కదులుతుంది. పై అంతస్తులో స్లాబు కింద, పడమటి గోడకు ఇది ఏటా జరిగే పని. మూలల్లో ముక్కలు ఒకదానికొకటి బిగుతుగా ఆనించి పెడితే సాగడానికి చోటు లేక నడుమ పొట్టలా ఉబ్బుతాయి. గమ్ము గట్టిగా, బిర్రుగా ఉంటే ఆ కదలికకు అంచుల దగ్గర తెగుతుంది. కాస్త సాగేదైతే తట్టుకుంటుంది. ఇక్కడ బలం తక్కువున్న గమ్మే ఎక్కువ కాలం ఉంటుంది.

ఇంతకంటే ముఖ్యమైంది గోడ వంకర. మన గోడల్లో ఏది తీసుకున్నా, బద్ద ఆనించి చూస్తే నడుమ నాలుగైదు మిల్లీమీటర్ల సందు మామూలే. నిటారు పట్టీని ఆ సందులోకి నొక్కి అతికిస్తే, అది విల్లులా వంగి మళ్లీ వెనక్కి రావాలని రోజంతా, రాత్రంతా లాగుతూనే ఉంటుంది. గమ్ములన్నీ పక్కకు జరిపే బలానికి గట్టిగా నిలబడతాయి. అదే ఒక అంచు నుంచి ఒలిచే బలానికి చాలా తక్కువకే లొంగుతాయి. అరటిపండు తొక్కను మొత్తంగా పీకలేం, కొస పట్టుకుంటే వచ్చేస్తుంది. మొదట చెప్పిన 3,000 కిలోల లెక్క ఒలిచే చోట వర్తించదు. అందుకే వంకర గోడకు పొడవైన పట్టీ పెట్టేటప్పుడు, వీపు నుంచి అడ్డంగా రంపంతో అక్కడక్కడా సగం లోతు గాట్లు పెడితే ఎండీఎఫ్ గోడ వాలును అనుసరిస్తుంది. లేదా నడుమ రెండు స్క్రూలు వేసి తలలు పూడ్చాలి. గమ్ము ఒక్కదాని మీదే వదిలేస్తే కనీసం ఆరేదాకా పట్టీని నొక్కి ఉంచాలి. నీళ్లు నింపిన అయిదు లీటర్ల క్యాన్లు వరసగా ఆనించి మర్నాటి దాకా కదపకుండా ఉంచితే చాలు. అయితే ఆ రాత్రి గదిలోకి పిల్లలు రాకుండా చూసుకోవడమే కష్టమైన పని.

వుడెన్ ఫ్లోరింగ్ ఉన్న గదిలో గమ్ము గోడకే పూయాలి, నేలకు తగలనివ్వకూడదు. ఆ ఫ్లోరింగ్ పలకలు తేమకు పెరుగుతాయి కాబట్టి గోడ చుట్టూ 8 నుంచి 10 మి.మీ. సందు వదులుతారు. పట్టీ ఉన్నది ఆ సందును కప్పడానికే. పట్టీ కిందకు గమ్ము కారి నేలను పట్టేస్తే ఫ్లోరింగ్ కదల్లేక నడుమ లేస్తుంది.

చెమ్మ గోడ సంగతి వేరు. గ్రౌండ్ ఫ్లోరులో, బాత్రూం వెనక గోడకు, పునాది నుంచి నీరు పైకి పాకే పాత ఇళ్లలో ఏ గమ్మూ నిలవదు. రాత్రి ఒక పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గోడకు అంటించి, మర్నాడు తీస్తే లోపల నీటి చుక్కలు కనిపించాయంటే ముందు ప్లంబర్ పని, తర్వాతే స్కర్టింగ్ పని. కొత్త ప్లాస్టరింగ్ మీద కూడా ఇదే పరీక్ష. ఎండీఎఫ్ పట్టీ అయితే గోడ పొడిగా ఉన్నా సరే, రోజూ తడిగుడ్డ, పండగకు బకెట్లతో కడగడం ఉన్న ఇంటికి సరిపడదు. కింది అంచు నీళ్లు తాగి బిస్కెట్టులా ఉబ్బుతుంది.

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు ఇక్కడి అలవాటుతో గమ్ము ట్యూబు తెచ్చుకుంటే అక్కడ లెక్క తప్పుతుంది. అక్కడి గోడ కాగితం తొడిగిన జిప్సం పలక, దాని వెనక 16 అంగుళాలకొక చెక్క నిలువు. బేస్‌బోర్డ్ అని పిలిచే ఆ పట్టీని ఆ నిలువులకు సన్నటి మేకులతో కొడతారు. గమ్ము పూస్తే అది పట్టుకునేది కాగితాన్ని, తీసేటప్పుడు కాగితం చీలికలుగా వస్తుంది. బ్రిటన్‌లో ఇటుక గోడలు ఎక్కువ కాబట్టి అక్కడ గమ్ము పద్ధతి బాగా నడుస్తుంది. మన గోడలు ఆ రెంటిలో బ్రిటన్ వైపుకే దగ్గర.

ఎన్ని ట్యూబులు కావాలో షాపులో అడిగితే వచ్చే జవాబు "రెండు చాలు సార్." 310 మి.లీ. ట్యూబుతో 6 మి.మీ. లావు గీత 11 మీటర్లు వస్తుంది. పదికి పన్నెండు గది చుట్టూ 44 అడుగులు, గుమ్మం మూడు అడుగులు తీసేస్తే పన్నెండున్నర మీటర్లు. పైన ఒక గీత, కింద ఒక గీత అంటే పాతిక మీటర్లు. రెండు ట్యూబులు అయిపోయి చివరి గోడ దగ్గర మూడోది తెరవాల్సి వస్తుంది, లేదా చివరి గోడకు గీత సన్నబడుతుంది. ఏడాది తర్వాత ఊడేది ఏ గోడదో ఊహించుకోవచ్చు. ట్యూబు మీద తేదీ కూడా చూసుకోవాలి. తేమతో ఆరే గమ్ములు షెల్ఫులో ఏడాదికి మించి నమ్మదగ్గవి కావు, ఎండ తగిలే షాపులో ఇంకా తక్కువ.

కొనేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: రేపు తీయాల్సి వస్తే ఎలా? నేల మార్చడం, వైర్లు లాగడం, అద్దె ఇల్లు ఖాళీ చేయడం, ఏదో ఒకటి వస్తుంది. వీపంతా పాలియురెథేన్ పూసిన పట్టీ, వచ్చేటప్పుడు అరచేయంత ప్లాస్టరింగ్‌ను తీసుకునే వస్తుంది. గీతలుగా పెట్టిన హైబ్రిడ్ గమ్ము అయితే పై అంచున లప్పం బ్లేడు దూర్చి, వెనక గట్టి నైలాన్ దారం రంపంలా లాగుతూ కోసుకుంటూ పోవచ్చు. చెక్క, ఎండీఎఫ్ పట్టీలకు ఈ అవసరం ఎక్కువ. చెదల మందు కొట్టేవాళ్లు డ్రిల్లు వేసేది గోడా నేలా కలిసే మూలలోనే, దాదాపు అడుగుకొక రంధ్రం చొప్పున. పట్టీ తీస్తే తప్ప వాళ్ల చేతికి ఆ మూల అందదు.